ఏడూ పద్దెనిమిది

ముప్పై నాలుగేళ్లు ఈ దూరాన్ని
కూర్చునే దాటాను.
ఎడమ చేతికి వేగం, కుడి చేతికి బ్రేకు,
మోకాళ్ల మీద దుప్పటి.
నలభై రెండు కిలోమీటర్ల లైను మాది,
హొక్కయిడో కొండల్లో బొగ్గు గని నుంచి
చేపల రేవు దాకా.
ముందు గని మూతపడింది, తర్వాత బడి,
ఆఖరికి నా రైలూ.

అరవై మూడో ఏట
బూట్ల కొట్లో కుర్రాడు
"మనవడికాండీ?" అన్నాడు.
మాట్లాడకుండా పాదం ముందుకు చాపాను.

నాలుగున్నరకి లేస్తాను.
పట్టాల వెంబడే రోడ్డు.
పట్టాల మధ్య ఇప్పుడు మోకాలెత్తు గడ్డి,
అప్పుడప్పుడూ ఓ నక్క, దాని పనేదో దానిది.
అలవాటు చావలేదు:
కదిలే ముందు తెల్ల గ్లవ్సు తొడిగిన వేలు చాచి
పైకే అంటాను,
"ఎడమ పిక్క, సరే.
కుడి మోకాలు, జాగ్రత్త.
ముందు దారి ఖాళీ."
పాలబండి కురొయివా మొదటిరోజు
నాకు మతిపోయిందనే అనుకున్నాడు.
ఇప్పుడు వాడూ వేలు చూపించి వెళ్తాడు.

మొదటి నెల రెండో స్టేషను దాటలేకపోయాను.
రైల్లో అది మూడు నిమిషాలు,
ఓ గుక్క టీ.
ఆ మూడు నిమిషాల్లో ఓ చడావు ఉందని
ఇంజను నాకెప్పుడూ చెప్పలేదు.
పిక్కలు చెప్పాయి.
పరుగెత్తి పాలు తాగేకంటే
నిలబడి నీళ్లు తాగడం మేలంటారు.
నేను పరుగెత్తి నీళ్లే తాగుతున్నాను,
అవీ సగం చొక్కా మీద.

మా ఆవిడ ఫుసాయె
కాలెండరు గళ్లలో నా టైములు పెన్సిలుతో రాస్తుంది.
పెన్నుతో రాయొచ్చు కదా అంటే
"చూద్దాం" అంటుంది.

పన్నెండో కిలోమీటరు, మత్సునోసావా హాల్టు.
ప్లాట్‌ఫారం చెక్కలు ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోయారు.
ఇక్కడే, ఓ జనవరి పొద్దున
ఓ బడిపిల్ల
కాలికో బూటు, చేతిలో ఇంకో బూటు,
మంచులో పడుతూ లేస్తూ వచ్చింది.
అద్దంలో చూశాను.
యాభై అడుగులుంటుంది, అంతే.
గడియారం ఏడూ పద్దెనిమిది.
వేలు చాచి "టైము, సరే" అన్నాను.
కదిలాను.

తర్వాతి బండి పదకొండూ నలభైకి.
ఆరోజు ఆ పిల్లకి ఏదో పరీక్షట, తర్వాత విన్నాను.
ఆ ఏడే నాకు సమయపాలన పతకం ఇచ్చారు.
పతకం సొరుగులో ఉంది.
అద్దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

పోటీ అక్టోబరులో.
ఆరు గంటలకి దారి మూసేస్తారట.
అందరి వెనకా ఓ ఖాళీ బస్సు
నెమ్మదిగా వస్తుందట, ఆగినవాళ్లని ఏరుకోవడానికి.
దాని డ్రైవరుకీ ఓ గడియారం ఉంటుంది.
మంచివాడే అయ్యుంటాడు,
నాలాగే.

నిన్న ఆదివారం, ముప్పై ఒకటి పరుగెత్తాను.
పరుగు అనకూడదేమో,
చివరి మూడూ కాళ్లని బతిమాలుకుంటూ వచ్చాను.
పిక్కబలం అని ఎవరన్నారో గాని
ఆ మనిషికి నా పిక్కలు చూపించాలి.
రేవుకి ఇవతల సోబా కొట్టు.
రెండింటికి కట్టేస్తారు.
నేను తలుపు తోసేసరికి
ఒకావిడ బోర్డు తిప్పబోతోంది,
చేతికి పిండి, నెరిసిన జుట్టు ముడి.
నన్ను చూసింది, నా మోకాళ్లు చూసింది.
"రండి, ఇంకా అయిదు నిమిషాలుంది.
మా గడియారం కాస్త ముందు నడుస్తుంది."

ఆ పిల్లకి ఇప్పుడు యాభై ఉంటాయి.
ఈవిడకీ అంతే ఉండొచ్చు.
ఈ తీరంలో యాభయ్యేళ్ల ఆడవాళ్లు చాలామందే ఉన్నారు.
అడగలేదు.

గిన్నె ముందు పెట్టి లోపలికి వెళ్లింది.
ఆవిరికి కళ్లజోడు మసకైంది, తుడుచుకున్నాను.
గోడ గడియారాన్ని నా వాచీతో పోల్చి చూశాను,
అలవాటు.
రెండూ అయిదు.
ఒక్క సెకను కూడా ముందు లేదు.